ఇంట్లో ఉన్న సామానుతో పీసీ క్యాబినెట్: ప్లైవుడ్డా, నూనె డబ్బానా, అట్టపెట్టా?

బ్యారేజ్_గట్టు:

అందరికీ నమస్కారం. పాత క్యాబినెట్ అడుగు తుప్పు పట్టి ఊడింది. కొత్తది కొనకుండా ఇంట్లో ఉన్నవాటితో పెట్టె కట్టాలని ఆలోచన. పెట్టెలోకి వెళ్లాల్సినవి ఇవి:

హెచ్81 మదర్‌బోర్డు (స్కేలుతో కొలిస్తే 22.6 × 17.4 సెం.మీ.), ఐ5-4570 ప్రాసెసర్, దాంతో వచ్చిన కూలర్, రెండు ఫ్యాన్ల జీటీఎక్స్ 1650 గ్రాఫిక్స్ కార్డు (పొడవు 23 సెం.మీ., విడిగా పవర్ వైరు అక్కర్లేని రకం), మామూలు 450 వాట్ల ఎస్‌ఎంపీఎస్ (పవర్ సప్లై), ఒక 2.5 అంగుళాల ఎస్‌ఎస్‌డీ, ఒక 3.5 అంగుళాల హార్డ్ డిస్క్, ఒక 120 మి.మీ. ఫ్యాన్.

ఇంట్లో దొరికేవి: 15 కేజీల నూనె డబ్బా, అల్మరాలు చేయించగా మిగిలిన 6, 12 మి.మీ. ప్లైవుడ్ ముక్కలు, వాషింగ్ మెషిన్ వచ్చిన అట్టపెట్టె. డ్రిల్లు, హ్యాక్సా బ్లేడు, స్క్రూడ్రైవర్లు ఉన్నాయి.

అడగాల్సినవి: మూడింట్లో ఏది మేలు? బోర్డు కింద ఏం పరచాలి? బోర్డుతో వచ్చిన వెండిరంగు యాంటీస్టాటిక్ కవర్ పరిస్తే చాలా? పవర్ బటన్‌కి ఏం వాడాలి? మే నెలలో గదిలోనే 40 డిగ్రీలుంటుంది, చెక్కపెట్టెలో ఉడికిపోదా?

---

రీపరు_రంపం:

ప్లైవుడ్ చేతిలో ఉంటే మరో ఆలోచన వద్దండి. నూనె డబ్బా చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది గానీ, 23 సెం.మీ. కార్డు పెట్టాక అందులో చెయ్యి తిరగదు.

ముందు కవరు సంగతి. దాన్ని బోర్డు కింద పరచొద్దు. ఆ వెండిరంగు పొర కరెంటును కొంతవరకు పోనిస్తుంది, దాని పనే అది. బోర్డు అడుగున సోల్డర్ మొనలు, వాటిలో బోర్డు మీది బ్యాటరీవీ ఉంటాయి. కవరు మీద పెట్టి ఆన్ చేస్తే వింత వింత లోపాలొస్తాయి. ఫాయిల్ అయితే చెప్పనే అక్కర్లేదు. బోర్డు కింద పరచాల్సింది ఏమీ లేదు, ఉండాల్సింది ఖాళీ జాగా. 6.5 నుంచి 7 మి.మీ. ఎత్తున గాలిలో నిలబడాలి.

బోర్డును నిలువుగా కాక పడుకోబెట్టండి. అప్పుడు గ్రాఫిక్స్ కార్డు స్లాట్‌లో నిటారుగా నిలబడుతుంది, బరువంతా నేరుగా కిందికి పోతుంది. నిలువు పెట్టెలో కార్డు పక్కకి వేలాడుతుంది. ఇనుప క్యాబినెట్‌లో వెనక రేకు దాన్ని పట్టుకుంటుంది కాబట్టి సరిపోతుంది. ఇంట్లో చేసిన పెట్టెకి అంత బిగువు రాదు, స్లాట్ వంగుతుంది.

లోపలి కొలత 43 × 28 × 15.5 సెం.మీ. ఉంచండి. వెడల్పు లెక్క: మూలకి 2 సెం.మీ. రీపరు, బోర్డు 22.6, సందు 1.4, ఎస్‌ఎంపీఎస్ 15, మళ్లీ మూలకి 2. లోతు లెక్క: కార్డు 23, ఎస్‌ఎంపీఎస్ 14, దాని వైర్ల కట్ట వంపు తిరగడానికి ఇంకో 9, 10. కాబట్టి 28 ఉంటే రెండింటికీ చాలు. ఎత్తు లెక్క: స్పేసరూ (బోర్డును ఎత్తి ఉంచే గొట్టం ముక్క) బోర్డూ కలిపి 9 మి.మీ., కార్డు 12 సెం.మీ. దాకా, పైన వేళ్లు దూరేంత జాగా. ముందు గోడకి 120 మి.మీ. ఫ్యాను కూడా ఈ ఎత్తులో పడుతుంది.

కోయాల్సిన ముక్కలు: అడుగు 12 మి.మీ. ప్లైలో 44.2 × 29.2 ఒకటి. మూత అదే కొలత, 6 మి.మీ.లో. ముందు వెనక గోడలు 44.2 × 15.5 రెండు, పక్క గోడలు 28 × 15.5 రెండు, ఇవీ 6 మి.మీ.వే. మూలలకి 2 × 2 సెం.మీ. రీపరు ముక్కలు నాలుగు. 6 మి.మీ. ప్లై అంచులోకి స్క్రూ ఎక్కిస్తే పొరలు విచ్చుకుంటాయి, అందుకే రీపరు. గోడలోంచి రీపరులోకి 20 మి.మీ. స్క్రూలు, మధ్యలో ఫెవికాల్, ఒక రోజు ఆరనివ్వండి. మూతకి మాత్రం జిగురు వద్దు, నాలుగు స్క్రూలు చాలు.

ఇక అందరూ బోల్తాపడేది వెనక గోడ దగ్గరే. మదర్‌బోర్డు పోర్టుల కంత 158.75 × 44.45 మి.మీ., ఇది ఏటీఎక్స్ (పీసీ బోర్డుల, క్యాబినెట్ల కొలతల) ప్రమాణం. కానీ బోర్డుతో వచ్చే ఆ సన్న రేకు 1 మి.మీ. మందం ఇనుప గోడకి పట్టేలా చేసింది, 6 మి.మీ. చెక్కకి పట్టదు. పైగా పోర్టులు చెక్క లోపలే ఉండిపోతాయి, యూఎస్‌బీ పెన్‌డ్రైవ్ సగమే దూరుతుంది. అందుకని చెక్కలో బోర్డు వెడల్పంతా ఒకే పెద్ద కంత కోసి, దానికి పల్చని రేకు బిగించాలి.

ఆ రేకు మీరు చెయ్యకండి. పాత సామాన్ల కొట్టుకెళ్లి ఎంత పాడైన క్యాబినెట్ అయినా ఒకటి తూకానికి తెచ్చుకోండి. మీ పాతదాని వెనకభాగం తుప్పు పట్టకపోతే అదే చాలు. రివెట్లను 4 మి.మీ. బిట్టుతో తొలిచేస్తే మదర్‌బోర్డు ట్రే, వెనక రేకు విడిగా వస్తాయి. పోర్టుల కంత, కార్డు స్లాట్లు, స్టాండాఫ్ (బోర్డును ట్రేకి ఆనకుండా ఎత్తి నిలిపే చిన్న మరమేకు) రంధ్రాలు అన్నీ కొలత ప్రకారం అందులోనే ఉంటాయి. స్లాట్ల మధ్య దూరం 20.32 మి.మీ.; చేత్తో ఆకురాయి పెట్టి ఈ కచ్చితత్వం తేవడం దండగ శ్రమ.

ట్రే దొరక్కపోతే: బోర్డును కాగితం మీద పెట్టి రంధ్రాల్లోంచి పెన్సిల్‌తో గుర్తులు పెట్టండి. ఆ కాగితాన్ని అడుగు చెక్కకి అంటించి 3.2 మి.మీ. బిట్టుతో తొలవండి. బోల్టు ఎమ్3, పొడవు 25 మి.మీ. (చెక్క 12, స్పేసర్ 7, బోర్డు 1.6, వాషరూ నట్టూ కలిపి 3). తల పైన, నట్టు కింద ఉండాలి. తిరగేసి బిగిస్తే పైన నట్టు తిప్పేటప్పుడు కటింగ్ ప్లేయర్ జారి బోర్డు మీద గీత పడుతుంది, ఆ గీతతో బోర్డు పోతుంది. స్పేసర్‌కి ఎమ్3 బోల్టు దూరే బాల్‌పెన్ గొట్టం ఏదైనా సరే, 7 మి.మీ. ముక్కలుగా కొయ్యండి. అన్నీ ఒకే ఎత్తు రావాలి. ఒకటి మిల్లీమీటరు పొట్టిగా ఉంటే బిగించిన కొద్దీ బోర్డు అటు వంగుతుంది.

మీ బోర్డు లోతు 17.4 మాత్రమే కాబట్టి ర్యామ్ ఉన్న అంచుకి బోల్టు రంధ్రాలు ఉండవు, అది గాల్లో ఉంటుంది. బోర్డుకి కరెంటు తెచ్చే 24 పిన్నుల కనెక్టర్ గట్టిగా నొక్కేది సరిగ్గా అక్కడే. పాత హవాయి చెప్పు రబ్బరు 7 మి.మీ. మందాన కోసి రెండు ముక్కలు ఆ అంచు కింద అంటించండి.

---

నూనెడబ్బా_15:

రీపరు అన్నా, డబ్బాని మరీ తీసిపారెయ్యకు. చిన్న బోర్డుకి అంతకన్నా గట్టిదీ చవకదీ లేదు.

15 కేజీల డబ్బా లోపల చదరం సుమారు 23 సెం.మీ., ఎత్తు 35కి అటూ ఇటూ. ముద్రను బట్టి కాస్త తేడా ఉంటుంది, మీ డబ్బా కొలిచి చూసుకోండి. పూర్తి మైక్రో ఏటీఎక్స్ రకం బోర్డు 24.4 × 24.4, కాబట్టి అది దూరనే దూరదు. మినీ ఐటీఎక్స్ 17 × 17 హాయిగా కూర్చుంటుంది. చవక హెచ్61, హెచ్81 బోర్డులు పేరుకి మైక్రో ఏటీఎక్సే గానీ చాలావరకు 17, 19 సెం.మీ. లోతువే. మీ 22.6 అంచు గీసుకుంటూ దూరుతుంది, కానీ మూల వంపు దగ్గర ఆగిపోవచ్చు.

చేసేవాళ్లకి కొన్ని జాగ్రత్తలు. డబ్బా రేకు మిల్లీమీటరులో మూడో వంతు కూడా ఉండదు, అందులో స్టాండాఫ్ మర నిలవదు. లోపల 6 మి.మీ. ప్లైవుడ్ పలక ఒకటి నిలబెట్టి, బోర్డు దానికి బిగించి, ఆ పలకని డబ్బాకి బిగించాలి. నూనె జిడ్డు పూర్తిగా పోవాలి: మరిగే నీళ్లు, చాకలి సోడా, రెండుసార్లు. జిడ్డు మిగిలితే దుమ్ము బంకలా పేరుకుంటుంది, చీమలు కూడా పడతాయి. గ్రైండర్‌తో కోస్తే నిప్పురవ్వలకి ఆ జిడ్డు అంటుకుంటుంది కూడా. గ్రైండర్ కాకుండా రేకు కత్తెర వాడండి. డ్రిల్లు పెట్టేటప్పుడు రేకు వెనక చెక్కముక్క ఆనించాలి, లేకపోతే బిట్టు దూరగానే రేకు చుట్టుకుపోయి చెయ్యి కోస్తుంది.

కోసిన ప్రతి అంచుకీ తొడుగు తప్పనిసరి. అక్వేరియం గాలి గొట్టం నిలువునా చీల్చి అంచుకి ఎక్కించండి, లేదా పాత కేబుల్ పైతోలు. ఇది మీ వేళ్ల కోసమే కాదు, వైర్ల కోసం కూడా. ఫ్యాను అదురుకి పసుపు వైరు పైతోలు ఆ అంచుకి రోజూ రాసుకుంటే ఆరు నెలల్లో రాగి బయటపడుతుంది.

ఇంకోటి, డబ్బాలో వైఫై పట్టదు. చుట్టూ రేకే కదా. యాంటెన్నా బయటికి తియ్యాలి. యూఎస్‌బీ వైఫై అయితే ఒక అడుగు ఎక్స్‌టెన్షన్ వైరు పెట్టండి. యూఎస్‌బీ 3 పోర్టులు 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర రొద చేస్తాయి, చెక్కపెట్టెలో కూడా ఈ తిప్పలు ఉంటాయి.

---

మూడో_పిన్ను:

డబ్బా మాట వచ్చింది కాబట్టి ఎర్తింగ్ గురించి. ఇది ఎవరూ చెప్పరు, అందరికీ తగులుతుంది.

ఎస్‌ఎంపీఎస్ ఇనుప పెట్టె లోపల మూడో పిన్నుకి కలిపి ఉంటుంది. రేకు క్యాబినెట్‌కి ఆ ఎర్త్ చేరేది ఎస్‌ఎంపీఎస్ స్క్రూల ద్వారానే. డబ్బాకి రంగు ఉంటే స్క్రూ కింద రంగు గీకి మెరిసే రేకు తేల్చండి. తర్వాత ప్లగ్ గోడలోంచి పీకేసి, మల్టీమీటర్‌ను ఓమ్స్‌లో పెట్టి ప్లగ్ పెద్ద పిన్నుకీ డబ్బాకీ మధ్య చూడండి. 1 ఓమ్ లోపు రావాలి.

ఇంటి సాకెట్‌లోనే ఎర్త్ లేకపోతే? ఎస్‌ఎంపీఎస్‌లోకి కరెంటు వచ్చే చోట ఫిల్టర్ కెపాసిటర్లు ఫేజ్ నుంచి ఒకటి, న్యూట్రల్ నుంచి ఒకటి ఎర్త్‌కి కట్టి ఉంటాయి. ఎర్త్ తెగితే పెట్టె మొత్తం ఆ రెంటికీ మధ్యలో, సుమారు 115 వోల్టుల దగ్గర తేలుతుంది. కరెంటు చాలా తక్కువే, చంపదు, కానీ తడిచేత్తో ముట్టుకుంటే చురుక్కుమంటుంది. హెచ్‌డీఎంఐ వైరు గుచ్చేటప్పుడు పోర్టుల్ని కూడా కాల్చగలదు. చెక్కపెట్టె అయితే మీకు తగలదు గానీ, జబ్బు అలాగే ఉంటుంది. యూఎస్‌బీ పోర్టు అంచు, కార్డు బ్రాకెట్ ముట్టుకుంటే తెలుస్తుంది.

దానికి మందు ఎర్త్ వేయించడమే. కొందరు ఎలక్ట్రీషియన్లు సాకెట్‌లో న్యూట్రల్‌నీ ఎర్త్ పిన్నునీ చిన్న వైరుముక్కతో కలిపేసి ‘అయిపోయింది’ అంటారు. దాన్ని ఒప్పుకోవద్దు. ఎక్కడో న్యూట్రల్ తెగిన రోజు మీ పెట్టె ఒంటి మీదికి 230 వోల్టులూ వస్తాయి.

జాగా కలిసొస్తుందని ఎస్‌ఎంపీఎస్ పైడొప్ప తీసి పెడదామనే ఆలోచన వస్తే అక్కడే ఆపండి. 230 ఏసీని డీసీ చేస్తే లోపల పెద్ద కెపాసిటర్ మీద 325 వోల్టులు, పీఎఫ్‌సీ (పవర్ ఫ్యాక్టర్ సరిచేసే సర్క్యూట్) ఉన్న రకంలో 400కి దగ్గర. ప్లగ్ పీకాక కూడా కొంతసేపు నిలవ ఉంటుంది.

ప్లాస్టిక్ స్పేసర్లు వాడితే బోర్డుకి ఎర్త్ ఎలా అని అడుగుతారేమో. బోర్డు గ్రౌండ్ 24 పిన్నుల నల్ల వైర్లలోంచి వస్తుంది, బోల్టుల మీద ఆధారపడదు. పెన్ గొట్టం నిక్షేపంగా పనికొస్తుంది.

---

బ్యారేజ్_గట్టు:

చాలా థ్యాంక్సండి. ప్లైవుడ్డే ఖాయం. పాత క్యాబినెట్ వెనక రేకు బాగానే ఉంది, రివెట్లు తొలుస్తాను.

మిగిలినవి: ఎస్‌ఎంపీఎస్ స్క్రూలు 6 మి.మీ. చెక్కలోంచి అందట్లేదు. ఫ్యాన్ కంత గుండ్రంగా కొయ్యడానికి హోల్ సా లేదు. హాట్ గ్లూ గన్ ఉంది, ఎస్‌ఎస్‌డీ, వైర్లు, ఫ్యాను దాంతో అంటించొచ్చా? గాలి ప్రశ్న అలాగే మిగిలింది. స్విచ్‌కి గోడకి పెట్టే మామూలు లైటు స్విచ్ సరిపోతుందా?

---

రీపరు_రంపం:

ఎస్‌ఎంపీఎస్‌కి పొడుగు స్క్రూలు వెతక్కండి. దాని మర 6-32 అనే అంగుళాల కొలత. ఎమ్3 అందులో వదులుగా ఆడుతుంది, ఎమ్4 బలవంతంగా ఎక్కిస్తే మర చెడుతుంది. సరైనది దొరికినా, మరీ లోపలికి పోతే సర్క్యూట్‌కి తగులుతుంది. 2 సెం.మీ. వెడల్పు రేకు పట్టీ ఎస్‌ఎంపీఎస్ మీదుగా వేసి రెండు చివరలూ అడుగు చెక్కకి స్క్రూలతో బిగించండి. వెనక్కి జరగకుండా గోడ ఆపుతుంది, ముందుకి జరగకుండా ఒక రీపరు ముక్క. పట్టీ దాని ఫ్యాన్‌కీ, గాలి రంధ్రాలకీ అడ్డం రాకూడదు. ఎస్‌ఎంపీఎస్ ఫ్యాను కిందికి చూసేలా పెట్టి, అడుగు చెక్కలో 11 సెం.మీ. కంత కొయ్యండి. పెట్టె కాళ్లకి స్టూలు కాళ్ల రబ్బరు బుష్‌లు, కనీసం 2.5 సెం.మీ. ఎత్తు. బుష్ పొట్టిగా ఉంటే బల్లే మూతలా అడ్డుపడుతుంది.

గుండ్రటి కంతకి: కంపాస్‌తో 11.5 సెం.మీ. వ్యాసం వృత్తం గీయండి. గీతకి లోపలివైపు 4 మి.మీ. బిట్టుతో ప్రతి 6, 7 మి.మీ.కీ ఒక రంధ్రం, మొత్తం 50, 55 వస్తాయి. హ్యాక్సా బ్లేడు ఒక చివర గుడ్డ చుట్టి చేత్తో పట్టుకుని ఆ రంధ్రాల్ని కలపండి. తర్వాత అరగుండ్రం ఆకురాయి, 80 నంబరు ఎమరీ పేపరు. ఓపిక లేకపోతే వడ్రంగి దగ్గర జిగ్‌సాతో అయిదు నిమిషాల పని.

ఫ్యాన్ బోల్టు రంధ్రాల మధ్య దూరం 120 మి.మీ.కి 105, 92కి 82.5, 80కి 71.5. ఫ్యాన్‌తో వచ్చే లావు స్క్రూలు రేకు కోసం చేసినవి. చెక్కకి ఎమ్4 × 40 బోల్టులు, నట్టు కింద వాషర్. గట్టిగా బిగిస్తే ఫ్యాన్ చట్రం వంగి రెక్క రాసుకుంటుంది.

హాట్ గ్లూ దేనికీ వద్దు, వైర్ల కట్ట కదలకుండా ఒక చుక్క వేసుకుంటే వేసుకోండి. మామూలు కడ్డీలు 60, 70 డిగ్రీలకే మెత్తబడతాయి. ఎస్‌ఎస్‌డీకి రెండుముఖాల టేపు చాలు, దానికి బరువూ లేదు అదురూ లేదు. హార్డ్ డిస్క్‌ను మాత్రం చెక్కకి నేరుగా బిగిస్తే పెట్టె మొత్తం తంబురాలా గుయ్‌మంటుంది. 6 మి.మీ. ప్లై పలక ఆ శబ్దాన్ని పెంచుతుంది. డిస్కుకీ చెక్కకీ మధ్య నాలుగు చోట్ల చెప్పు రబ్బరు ముక్కలు వేసి, బోల్టులు వేళ్లతో తిప్పినంతే బిగించండి.

వార్నిష్ వేస్తే రెండు రోజులు ఎండనిచ్చాకే బోర్డు పెట్టండి. ఒక్క రంధ్రమైనా సరే, బోర్డు లోపల ఉండగా తొలవొద్దు.

---

గాలివాటం:

గాలి లెక్క నేను చెప్తా. ఐ5-4570 గరిష్ఠంగా 84 వాట్లు, కార్డు 75, బోర్డు, డిస్కులు కలిపి 30. మొత్తం 190 అనుకోండి. ఎస్‌ఎంపీఎస్ తన వేడిని తనే బయటికి తోసుకుంటుంది, దాన్ని వదిలేయండి. పెట్టెలో గాలి గదికన్నా 10 డిగ్రీలకి మించి పెరగకూడదంటే కావల్సిన గాలి 1.76 × 190 ÷ 10, అంటే నిమిషానికి సుమారు 33 ఘనపుటడుగులు. ఫ్యాన్ డబ్బా మీద సీఎఫ్ఎం అని రాసేది ఇదే. కానీ ఆ అంకె ఏ అడ్డూ లేనప్పటిది. ముందు జాలీ, లోపల వైర్లు, వెనక ఇరుకు, ఇవన్నీ కలిపి సగం తినేస్తాయి. 60, 65 రాసి ఉన్న ఫ్యాన్ ఒకటి, లేదా మామూలివి రెండు.

మీ పెట్టెకి నా సలహా రెండు: ముందు గోడలో 120 మి.మీ. లోపలికి ఊదేది, వెనక పోర్టుల పైన మిగిలే జాగాలో 80 మి.మీ. బయటికి లాగేది. ఫ్యాను ఎటు ఊదుతుందో అనుమానం ఉంటే, స్టిక్కరూ ప్లాస్టిక్ కమ్మీలూ ఉన్న వైపు గాలి బయటికి వస్తుంది. మూత పెట్టాక ముందు అగరుబత్తి పట్టుకోండి. పొగ లోపలికి పోయి వెనక నుంచి రావాలి. కాసేపటికి మళ్లీ ముందు నుంచే తిరిగొస్తోందంటే ఫ్యాన్ అంచుకీ చెక్కకీ మధ్య సందు ఉంది, దాన్ని ఫోమ్ టేపుతో మూసేయండి.

జాలీ విషయంలో ఒక మాట. దోమల జాలీ దుమ్ము బాగా ఆపుతుంది, గాలినీ ఆపుతుంది, నెలకోసారి కడగకపోతే గోడే. అసలు ఆపాల్సింది బల్లిని. ఎస్‌ఎంపీఎస్ కంతలోంచి పిల్లబల్లి దూరి కాలిపోతే పోయేది బల్లి ఒక్కటే కాదు. 3, 4 మి.మీ. కంతల ఇనుప జాలీ అన్ని కంతలకీ వేయండి. బల్లి, చిట్టెలుక రెండూ ఆగుతాయి, గాలికి పెద్దగా అడ్డు రాదు.

పరీక్ష ఇలా: మూత తీసి అరగంట ప్రాసెసర్‌కీ కార్డుకీ పూర్తి లోడ్ ఇచ్చి ఉష్ణోగ్రత రాసుకోండి. మూత పెట్టి మళ్లీ అరగంట. తేడా 5, 6 డిగ్రీల లోపయితే గాలి చాలుతున్నట్టే. 10 దాటితే ఫ్యాన్ వేగం పెంచే ముందు కంతలు పెద్దవి చెయ్యండి. చెక్క మందం గురించి కంగారొద్దు. మామూలు రేకు పెట్టెలో కూడా గోడలోంచి పోయే వేడి తక్కువ, దాదాపు అంతా గాలితోనే పోవాలి. ఆ ప్రాసెసర్ 100 డిగ్రీలు తాకితే తనంతట తను వేగం తగ్గించుకుంటుంది. మే మధ్యాహ్నం 85 చూసి భయపడకండి, 95 చూస్తే ప్రాసెసర్‌కీ కూలర్‌కీ మధ్య పూసే పేస్టు మార్చండి.

---

నూనెడబ్బా_15:

స్విచ్ గురించి ఎవరూ చెప్పలేదు. లైటు స్విచ్ వద్దు, కాలింగ్ బెల్ స్విచ్ పెట్టండి. నొక్కితే కలిసి వదిలితే విడిపోవాలి. బోర్డు మీద ముందు ప్యానెల్ పిన్నులు రెండు వరసల్లో ఉంటాయి, పదో పిన్ను ఉండదు. ఆ ఖాళీ గుర్తుగా పెట్టుకుంటే, దానికి ముందు అదే వరసలో ఉన్న 6, 8 పవర్ స్విచ్, ఎదుటి వరసలో 5, 7 రీసెట్. 2, 4 పవర్ ఎల్ఈడీ, 1, 3 డిస్క్ ఎల్ఈడీ, రెంటిలోనూ చిన్న అంకె ప్లస్. చాలా బోర్డుల్లో ఇదే వరస, అయినా బోర్డు పుస్తకంతో సరిచూసుకోండి. స్విచ్‌కి ప్లస్ మైనస్ లేదు, ఎటు పెట్టినా ఒకటే.

పిన్నులకి వైరు సోల్డర్ చెయ్యకండి. పాత క్యాబినెట్ ముందు ప్యానెల్ కనెక్టర్లనే కోసి బెల్ స్విచ్‌కి కలపండి. అవి లేకపోతే ఆర్డుయినోకి (ప్రయోగాల చిన్న సర్క్యూట్ బోర్డు) వాడే జంపర్ వైర్లు, హైదరాబాద్‌లో అయితే కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతాయి.

---

అట్టపెట్టె_వకీలు:

అట్టపెట్టెని అందరూ గాలికొదిలేశారు, దాని తరఫున రెండు ముక్కలు. అట్ట అంటుకోవాలంటే 200 డిగ్రీలు దాటాలి, పెట్టెలో గాలి 50 దాటదు. మామూలుగా నడిచేటప్పుడు అంటుకోదు. షార్ట్ అయినప్పుడే ప్రమాదం. ఇనుప పెట్టె మంటని లోపలే ఆపుతుంది, అట్ట అదే మంటకి పుల్ల అవుతుంది. కాబట్టి మనిషి ఎదురుగా ఉన్నప్పుడే నడపాలి, రాత్రంతా డౌన్‌లోడ్ పెట్టి పడుకోకూడదు. దాన్ని నిజంగా చంపేది వాన. జూలై, ఆగస్టు చెమ్మకి మెత్తబడి కుంగుతుంది, బోర్డు దాంతోపాటు వంగుతుంది. పైగా బొద్దింకలకి అట్టల మధ్య సందులంటే ప్రాణం.

ప్లైవుడ్ కోసేముందు కొలతల నమూనాకి మాత్రం అట్టని మించింది లేదు. అన్ని ముక్కలూ ముందు అట్టలో కోసి, టేపు వేసి, సామాను కూర్చోబెట్టి చూడండి. 24 పిన్నుల వైరు పొట్టిగా ఉందని చెక్క కోశాక తెలిస్తే ఏం లాభం?

ఇదేదో పేదరికం పని అనుకునేవాళ్లకి: 1976లో ఆపిల్ మొదటి కంప్యూటర్ ఉత్త బోర్డుగానే అమ్మారు, కొన్నవాళ్లు చెక్కపెట్టెలు సొంతంగా చేసుకున్నారు. 1999లో గూగుల్ సర్వర్లలో ఒక్కో ట్రే మీద నాలుగేసి మదర్‌బోర్డులు, కింద ఇన్సులేషన్‌కి కార్క్ పొర. డబ్బాలే లేవు.

---

బ్యారేజ్_గట్టు:

పెట్టె అయింది. అట్ట నమూనా చెయ్యడం వల్లే వెనక రీపరు పోర్టులకి అడ్డొస్తోందని ముందే తెలిసింది. మూతతో, మూత లేకుండా తేడా 4 డిగ్రీలు.

రెండు ఇబ్బందులు. బెల్ స్విచ్ కోసం బజారుకి వెళ్లేలోపు లైటు స్విచ్‌తో చూశాను. ఆన్ అవుతుంది, అయిదు సెకన్లలోపే ఆగిపోతుంది, ప్రతిసారీ అంతే. ఎస్‌ఎంపీఎస్ పాడయిందా? రెండోది, ఒక ర్యామ్ స్లాట్ పనిచెయ్యట్లేదు, పాత క్యాబినెట్‌లో పనిచేసేది.

---

మూడో_పిన్ను:

ఎస్‌ఎంపీఎస్‌కి ఏమీ కాలేదు. లైటు స్విచ్ వేసి వదిలేస్తే పిన్నులు కలిసే ఉంటాయి. బటన్ నొక్కి పట్టుకున్నట్టు బోర్డు అనుకుంటుంది, నాలుగు సెకన్లు దాటితే బలవంతంగా ఆపేస్తుంది. ప్రస్తుతానికి స్విచ్ వేసి వెంటనే తీసెయ్యండి, నడుస్తుంది.

---

రీపరు_రంపం:

ర్యామ్ స్లాట్‌కి ముందు బోల్టులన్నీ ఒక్కో చుట్టు వదులు చేసి చూడండి. అప్పుడు పనిచేస్తే ఏదో ఒక పెన్ గొట్టం పొట్టిదో పొడుగుదో అయి బోర్డు మెలిపడింది. బోర్డు అంచున స్కేలు ఆనించి చూస్తే సందు కనబడుతుంది. ర్యామ్ అంచు కింద పెట్టిన చెప్పు రబ్బరు 7 కన్నా మందంగా ఉన్నా ఇదే గొడవ, అది బోర్డును పైకి తోస్తుంది. కొత్త రబ్బరు ఇంకా అణగదు కాబట్టి ఎమరీ పేపరు మీద రుద్ది ఒక అర మిల్లీమీటరు తగ్గించండి. అప్పటికీ రాకపోతే ప్రాసెసర్ కూలర్ నాలుగు మేకులూ సమానంగా దిగాయో లేదో చూడండి. ఒక మూల పైకి లేచి ఉంటే సాకెట్ మీద ఒత్తిడి ఒకవైపే పడి ర్యామ్ ఛానెల్ ఒకటి పోతుంది.